అమ్మ సంవత్సరీకం డబ్బులు: ఆశ్రమంలో భోజనాలకా, పిల్లల్ని పెంచుతున్న ఇళ్లకా?

చుక్కలముగ్గు | మే 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా ఏళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు.

వచ్చే నెలలో మా అమ్మ సంవత్సరీకం. తిథి ప్రకారం 18న వచ్చింది. అన్నయ్య, నేను, చెల్లి కలిసి లక్షా ఇరవై వేలు పక్కన పెట్టాం. అమ్మ ఉన్నన్నాళ్లూ నాన్న తద్దినానికి ఊరి చివర ఉన్న పిల్లల ఆశ్రమంలో భోజనాలు పెట్టించేది. మేమూ అదే చేద్దామని మొన్న ఆదివారం వెళ్లాం. ఆఫీసు గదిలో గోడ మీద పెద్ద బోర్డు. నెలలో ప్రతి తేదీ ఎదురుగా ఒక పేరు, పక్కన "పులిహోర, లడ్డు, బూరెలు". మా తేదీకి అప్పటికే ఇద్దరున్నారు, ఒకరు మధ్యాహ్నానికి, ఒకరు రాత్రికి. వార్డెన్ గారు మొహమాటపడుతూనే "సాయంత్రం టిఫిన్ ఖాళీగా ఉందమ్మా, రాసుకోమంటారా?" అన్నారు.

బయటికి వస్తుంటే ఓ పిల్లాడు వంటాయన్ని అడుగుతున్నాడు: "ఇవాళైనా మామూలు పప్పు చేశావా?"

ఆ మాట విన్నాక రాయించడానికి చెయ్యి రాలేదు. తేదీ తర్వాత చెప్తామని వచ్చేశాం.

మా పక్క వీధిలో ఓ టీచరు గారు ఎనిమిదేళ్ల పాపను పెంచుకుంటున్నారు. దత్తత కాదట, ఫోస్టర్ కేర్ అట. అలాంటి ఇళ్లకి మనం సాయం చేయొచ్చా? చేస్తే ఎవరి చేతికివ్వాలి? ఆవిడ చేతిలో కవరు పెడితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను.

గోదారిగట్టు | మే 23, ఉదయం 6:15

అమ్మాయ్, మంచి ప్రశ్న వేశావు. జిల్లాలో పిల్లల సంక్షేమం పనే చేసి రిటైరయినవాణ్ని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

ముందు మూడు మాటలు విడదీసుకుందాం. మనవాళ్లు మూడింటినీ "పెంచుకోవడం" అనేస్తారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. దత్తత అంటే బిడ్డ శాశ్వతంగా మీ బిడ్డ అయిపోవడం, ఆస్తి హక్కుతో సహా. ఫోస్టర్ కేర్ అంటే బాలల సంక్షేమ కమిటీ (ఆదరణ కావాల్సిన పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే కమిటీ) ఆర్డరు ఇచ్చి, ఏ సంబంధమూ లేని ఒక కుటుంబంలో బిడ్డను కొంతకాలం ఉంచడం. 2015 బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ ఇదే. దాని పక్కనే 45వ సెక్షన్ స్పాన్సర్‌షిప్. అంటే బిడ్డ తల్లి దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, మేనమామ దగ్గరో ఉంటుంది, ఆ ఇల్లు నిలబడేట్టు నెలనెలా డబ్బు సాయం అందుతుంది.

మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పిల్లల సంరక్షణ పథకం కింద ఫోస్టర్ కేర్‌కైనా స్పాన్సర్‌షిప్‌కైనా బిడ్డకు నెలకి 4,000 రూపాయలు. అంతకుముందు 2,000 ఉండేది. స్పాన్సర్‌షిప్‌కి ఆదాయ పరిమితి ఉంది, పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000.

ఇక ఎక్కువమందికి తెలియని సంగతి. ఈ స్పాన్సర్‌షిప్ సర్కారు డబ్బుతోనే నడవాలని లేదు. వ్యక్తులు, ట్రస్టులు, కంపెనీలు ముందుకొచ్చి ఒక బిడ్డ ఖర్చు భరించవచ్చని మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లోనే ఉంది. అడగాల్సిన చోటు జిల్లా బాలల పరిరక్షణ విభాగం. నేను పనిచేసిన రోజుల్లో అలా అడిగి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నదానానికి వచ్చినవాళ్ల లెక్క మాత్రం రిజిస్టరులో పట్టేది కాదు.

ఇంకో మాట. నేను తిరిగిన ఆశ్రమాల్లో నిజంగా ఎవరూ లేని పిల్లలు తక్కువ. తల్లి ఉంటుంది. భర్త పోయి, చేపల మార్కెట్లో పనికిపోతూ, రాత్రిళ్లు పిల్లను ఒంటరిగా వదల్లేక తెచ్చి చేర్చి ఉంటుంది. నెలకి నాలుగు వేలు దొరికితే ఆ పిల్ల ఇంట్లోనే ఉండేది. అదే పిల్లకు మనం ఆశ్రమంలో బూరెలు పెట్టి వస్తున్నాం.

మిరపకాయబజ్జీ | మే 23, ఉదయం 8:02

అంతా బాగానే ఉంది గానీ పెద్దాయనా, నాకు ఈ దానాల మీదే నమ్మకం పోయింది. పోయినేడాది వాట్సాప్‌లో ఓ పాప ఫొటో వచ్చింది, ముక్కులో గొట్టం, కింద క్యూఆర్ కోడ్. ఐదు వేలు పంపా. నాలుగు నెలల తర్వాత అదే ఫొటో ఇంకో పేరుతో, ఇంకో జబ్బుతో వచ్చింది. అప్పట్నుంచి గుడి హుండీ తప్ప దేంట్లోనూ రూపాయి వెయ్యలేదు.

ఇంకో అనుమానం కూడా ఉంది, తప్పుగా అనుకోవద్దు. నెలకి నాలుగు వేలు వస్తాయంటే, పిల్లని తెచ్చుకుని ఇంట్లో అంట్లు తోమించుకునేవాళ్లు ఉండరా?

పెరటితోట | మే 23, మధ్యాహ్నం 1:30

నేను గుంటూరు జిల్లాలో ఫోస్టర్ తల్లిని. చుక్కలముగ్గు గారి పక్క వీధి టీచర్ని కాదులెండి, ఇంకొకదాన్ని. మిరపకాయబజ్జీ గారి మాట చదివి రెండుసార్లు ఫోను పక్కన పడేశా. తర్వాత అనిపించింది, మా పెద్దమ్మ కూడా మొదటిరోజు ఇదే అడిగింది కదా అని.

నాకు పెళ్లి కాలేదు. పాత నియమాల ప్రకారం భార్యాభర్తలకే పిల్లల్ని ఇచ్చేవారు. 2024లో మార్గదర్శకాలు మార్చాక 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరివాళ్లు కూడా అడగొచ్చన్నారు. అప్పుడు దరఖాస్తు పెట్టాను. మా ఇంటికి వచ్చి బాత్రూమ్ గడియతో సహా చూశారు. ఆదాయం, ఆరోగ్యం, పోలీసు వెరిఫికేషన్, ఇరుగుపొరుగు ఏమంటారు, అన్నీ. పాప వచ్చి ఏడాది దాటింది.

నాలుగు వేల సంగతి చెప్తా. పాపకి తొమ్మిదేళ్లు, వచ్చేనాటికి నాలుగో తరగతి, గుణింతాలు రావు. ఇంటికి వచ్చి చదువు చెప్పే అమ్మాయికి 2,500. వెనక పళ్లు ఆరు పుచ్చిపోయి ఉన్నాయి, డెంటిస్టు బిల్లు 11,000 అయింది. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేది. కౌన్సెలింగ్‌కి గుంటూరు తీసుకెళ్లాలి, ఒక్కో సిట్టింగ్‌కి 800, బస్సు ఛార్జీలు వేరే. దీంట్లో మిగుల్చుకునేది ఏముందో మీరే చెప్పండి.

సాయం చేసేవాళ్లు లేక కాదు, అందరూ ఒకే రకం సాయం చేస్తారు. మా ఇంటికి పోయిన దసరాకి మూడు మూటల పాత బట్టలు వచ్చాయి. ఒక గౌనుకి జిప్పు లేదు.

సర్కారు బడిలో యూనిఫాం బట్ట ఇచ్చారు, కుట్టించడానికి టైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టేపు భుజాల మీద పెడితే పాప బిగుసుకుపోయింది. ఎందుకని అడిగితే "నాకే కుడతారా, తర్వాత ఇంకెవరికైనా ఇచ్చేస్తారా?" అంది. ఆశ్రమంలో బట్టలు సైజుల ప్రకారం బీరువాలో ఉండేవట, ఎవరికి సరిపోతే వాళ్లు వేసుకోవడమేనట. టైలర్ ఒక నిమిషం ఆగి, కాలరు లోపల పాప పేరులో మొదటి అక్షరం కుడతానన్నాడు. కుట్టుకూలి 350 రూపాయలు. ఎవరైనా దాత ఇచ్చిన 350తో ఏం వచ్చిందని రశీదు అడిగితే నేను ఇది చూపించలేను కదా.

గోదారిగట్టు | మే 23, సాయంత్రం 5:20

తల్లీ, నీ దగ్గరకి చేరిన పాప అదృష్టవంతురాలు.

బజ్జీ గారి అనుమానం గాలిలోది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. ఒక ఇంటికి తనిఖీకి వెళ్లాం. అన్నీ సక్రమంగా ఉన్నాయి, ఫొటో ఫ్రేములో పాప బొమ్మ కూడా పెట్టారు. పాప మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇస్తుంటే వేళ్ల సందుల్లో తెల్లగా పాచిపోయిన చర్మం కనిపించింది. పదకొండేళ్ల పిల్లకి అలాంటి చేతులు గిన్నెల సబ్బుతోనే వస్తాయి. వారంలోగా కమిటీ ముందు పెట్టి వెనక్కి తెచ్చాం.

ఆ చేతులు మా కంటపడింది ఆ రోజు వెళ్లాం కాబట్టి. జిల్లా మొత్తానికి ఉన్న కొద్దిమంది సోషల్ వర్కర్లు ఆర్టీసీ బస్సుల్లో తిరుగుతూ ఎన్ని ఇళ్లు చూడగలరు? ఇక్కడే మంచి స్వచ్ఛంద సంస్థల అవసరం. దాతలకి మాత్రం "మీ డబ్బుతో ఒక సోషల్ వర్కర్ జీతం, బస్సు ఛార్జీలు" అంటే మొహం చిన్నబోతుంది. జీతాలకి ఇవ్వం, పిల్లలకే ఇస్తాం అంటారు. జీతం లేకుండా ఆ గ్లాసు ఎవరు తీసుకుంటారు?

ఆడిటరుబాబు | మే 23, రాత్రి 10:05

డబ్బు ఏ దారిలో పోవాలో నేను చెప్తా, అది నా వృత్తి.

ఫోస్టర్ తల్లి చేతిలో కవరు పెట్టినా, ఒక బిడ్డ ఖాతాలో నేరుగా వేసినా పన్ను మినహాయింపు రాదు. మినహాయింపు కావాలంటే మనం 80జీ అని పిలిచే, విరాళాలకి పన్ను మినహాయింపునిచ్చే నమోదు ఉన్న సంస్థకే ఇవ్వాలి. చాలా సంస్థల విషయంలో ఇచ్చిన దాంట్లో 50 శాతానికే, దానికీ ఆదాయంలో 10 శాతం అన్న పరిమితి ఉంది. నగదుగా 2,000 దాటి ఇస్తే ఏమీ రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఈ పేరా మొత్తం మర్చిపోవచ్చు, వాళ్లకి 80జీ వర్తించదు. బియ్యం బస్తాలు, బట్టలు ఇస్తే అసలే రాదు. రశీదు వెంటనే అడగండి, మినహాయింపుకి చూపించే విరాళం సర్టిఫికెట్ (10బీఈ) ఆర్థిక సంవత్సరం అయ్యాక వస్తుంది. రశీదుకే రేపిస్తాం మాపిస్తాం అన్నారంటే అక్కడే ఆగండి.

బజ్జీ గారూ, పిల్లల్ని ఉంచుకునే ఏ సంస్థ అయినా బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టరు కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. ఆడిట్ అయిన లెక్కలు అడగండి. ఇష్టం లేకపోతే మొహం మీదే తెలిసిపోతుంది.

అమెరికా నుంచి పంపేవాళ్లకి: మీ చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు) మీద ఉంటే వస్తుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థకే పంపాలి, అదీ ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వాళ్లకున్న ఖాతాకే. బావమరిది ఖాతాకి పంపి అతనితో ఇప్పిద్దామనుకునేవాళ్లు నాకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టొద్దు. పోయినసారి ఏడుగురు పెట్టారు.

డాలస్‌లోదోసె | మే 24, ఉదయం 9:48

ఆడిటరుబాబు గారూ, ఆ ఏడుగురిలో ఒకణ్ని నేనే, క్షమించాలి :)

మేం టెక్సాస్‌లో లైసెన్సు తీసుకున్న ఫోస్టర్ కుటుంబం. ఇక్కడి పద్ధతి వేరు గనక పోల్చడానికి రాస్తున్నా. దేశం మొత్తం మీద 2023 లెక్కల్లో ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలు దాదాపు 3,43,000. మన దగ్గరలాగా ఆశ్రమం మొదటి మెట్టు కాదు, ఇల్లే మొదటి మెట్టు. ఏ రాత్రి అయినా ఫోను రావొచ్చు.

మాకు రాత్రి పదకొండుకి వచ్చింది. అబ్బాయి వివరాలు కొన్ని మార్చి చెప్తున్నా. తొమ్మిదేళ్లు. చేతిలో నల్లటి చెత్త సంచి. మేం చెత్త అనుకుని తీసుకోబోతే గట్టిగా గుంజుకున్నాడు. వాడి బట్టలు, ఒక చెప్పు, ఛార్జరు అందులోనే ఉన్నాయి. హడావుడిగా ఇంట్లోంచి తీసుకొచ్చేటప్పుడు చేతికి దొరికింది చెత్త సంచే. ఈ దేశంలో ఎంతో మంది పిల్లలు అలాగే వస్తారని తర్వాత తెలిసింది. అందుకే ఇక్కడ సూట్‌కేసులు, బ్యాక్‌ప్యాకులు సేకరించి ఇవ్వడం పెద్ద దానం. మా తెలుగు వాళ్ల పిక్నిక్‌లో ఈసారి టికెట్టు బదులు ఒక కొత్త బ్యాక్‌ప్యాక్ తెమ్మన్నాం. కొత్తది అని మూడుసార్లు రాయాల్సి వచ్చింది. అయినా ఒకాయన ఆఫీసు లోగో ఉన్న పాతది తెచ్చాడు.

మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. "ఎవరి పిల్లాడో, ఏ అలవాట్లో" అని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు దిండు గలీబు మార్చబోతే లోపల కెచప్ పాకెట్లు, సగం తిన్న బిస్కెట్లు, ఉడకబెట్టిన గుడ్డు. వాసన. అమ్మ ఏమీ అనలేదు. పక్కన చిన్న స్టీలు డబ్బా పెట్టి, రోజూ రాత్రి దాన్నిండా జంతికలు పోసేది. రెండు నెలలకి దిండు ఖాళీ అయింది. డబ్బా మాత్రం వాడు వెళ్లిపోయేదాకా అక్కడే ఉంది.

వెళ్లిపోయాడు, అవును. పద్నాలుగు నెలలకి వాళ్లమ్మ కోలుకుంది, కోర్టు ఆవిడకి తిరిగి ఇచ్చింది. ఇక్కడ మొదటి లక్ష్యం అదే. వాళ్లమ్మ ఎదురుగా మేం ఏడవకూడదని కారులో కూర్చుని ఏడ్చాం.

మాకు నిజంగా ఉపయోగపడిన సాయం ఏంటంటే, పక్కింటి వాళ్లు వారానికి ఒక పూట వంట పంపారు. గుళ్లో పరిచయమైన ఒక జంట బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ పూర్తి చేసుకుని నెలకో శనివారం వాడిని చూసుకునేవారు. మేమిద్దరం ఆ నాలుగు గంటలు నిద్రపోయేవాళ్లం. వైద్యం మెడికెయిడ్‌లో (ఇక్కడి సర్కారు వైద్య బీమా) నడుస్తుంది కాబట్టి ఇక్కడ ఆ దిగులు లేదు. ఇక్కడ కూడా కుటుంబానికి నేరుగా ఇచ్చిన డబ్బుకి పన్ను మినహాయింపు రాదు. సంస్థకి ఇస్తేనే వస్తుంది, మీరిచ్చినంత మీ కంపెనీ కూడా కలిపే మ్యాచింగ్ ఉంటే రెట్టింపు కూడా అవుతుంది. చాలామంది మనవాళ్లు ఆ ఫారం నింపక వదిలేస్తున్నారు.

కరివేపాకు_హైదరాబాద్ | మే 24, మధ్యాహ్నం 12:15

ఈ థ్రెడ్ చదివి మనసు పాడైంది. మా కాలనీలో కూడా ఒక ఫోస్టర్ పాప ఉంది. చాలా ముద్దుగా ఉంటుంది, మొన్న పుట్టినరోజుకి మేమంతా కేక్ కట్ చేయించాం. ఫొటో పెడుతున్నా చూడండి, ఎవరైనా సాయం చేయాలంటే వాళ్ల నంబరు

[ఫొటో, ఫోన్ నంబరు మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్ | మే 24, మధ్యాహ్నం 12:31

కరివేపాకు గారూ, మీ ఉద్దేశం మంచిదే, అయినా తీసేయక తప్పలేదు. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, చిరునామా ఏదీ బయటపెట్టకూడదు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్. ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ఫేస్‌బుక్‌లో పెట్టి ఉంటే అక్కడ కూడా తీసేయండి.

కరివేపాకు_హైదరాబాద్ | మే 24, మధ్యాహ్నం 12:50

అయ్యో, తెలియదండీ. తీసేశాను. కాలనీ గ్రూపులో కూడా తీయించాను. వాళ్లమ్మగారు ఆ రోజు కొంచెం ఇబ్బందిగా నవ్వింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

హాస్టల్‌గేటు | మే 25, రాత్రి 11:37

రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

నేను ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఆశ్రమంలోనే పెరిగాను. ఊరు చెప్పను. ఇప్పుడు 27. వరంగల్ వైపు ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని.

మీ పుట్టినరోజులకి మేం చప్పట్లు కొట్టేవాళ్లం. కేక్ కోసేటప్పుడు మీ పిల్లల పేరు పెట్టి పాట పాడాలి, పేరు ముందే చెప్పి ప్రాక్టీసు చేయించేవాళ్లు. మా పుట్టినరోజు రికార్డుల్లో జూన్ 1. ఒక్కడిది కాదు, సగం మందిది జూన్ 1. ఏ కాగితమూ లేకుండా వచ్చినవాళ్లకి బడిలో అదే వేశారు. ఆ రోజు వేసవి సెలవులు కాబట్టి దాతలు ఊళ్లకి పోతారు, ఎవరూ రారు. నాకేం కోపం లేదు, కేకులు బాగానే ఉండేవి.

ఒకసారి ఏదో కంపెనీ నుంచి అరవై మంది టీ షర్టులు వేసుకుని వచ్చి గోడలకి రంగు వేశారు, నీలం. రెండు నెలల ముందే ఇంకో కంపెనీ వాళ్లు పసుపు వేసి వెళ్లారు. పైకప్పు కారే చోట మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, నిచ్చెన ఎక్కితే ఇన్సూరెన్స్ ఒప్పుకోదట. బాత్రూమ్ తలుపుకి బోల్టు కూడా సరిగా లేదు, చివరికి అది నేనూ ఇంకొకడూ కలిసి బిగించాం. నేను ఎలక్ట్రీషియన్‌ని అవడానికి అదే మొదలు అనుకోండి.

నాకు కావాల్సినప్పుడు ఎవరూ లేనిది పద్దెనిమిది నిండిన రోజున. ఒక సంచి, ఒక సర్టిఫికెట్ల ఫైలు, వార్డెన్ సార్ సొంతంగా ఇచ్చిన వెయ్యి రూపాయలు. గది కోసం వెళితే ఓనరు రెండు నెలల అడ్వాన్సు అడిగాడు. అది ఎలాగో తెచ్చాను. తర్వాత "మీ నాన్న నంబరు ఇవ్వు" అన్నాడు. ఇరవై రోజులు బస్‌స్టాండ్‌లో, ఒక ఫ్రెండు షాపులో పడుకున్నాను. చివరికి ఐటీఐలో మా సార్ వచ్చి ఓనరుకి తన నంబరు ఇచ్చాడు. పద్దెనిమిది దాటాక 21 దాకా, అవసరమైతే 23 దాకా ఆదుకోవాలని చట్టంలో, పథకంలో ఉందని నాకు 24 ఏళ్లు వచ్చాక తెలిసింది.

చుక్కలముగ్గు అక్కా, మీ ఆశ్రమానికే ఇవ్వాలనుకుంటే ఈ ఏడాది పద్దెనిమిది నిండేవాళ్లు ఎంతమంది అని అడగండి. ఒకరికి గది అడ్వాన్సు, డ్రైవింగ్ లైసెన్సు ఖర్చు, ఆర్నెల్ల మెస్ బిల్లు. వీలైతే ఓనరుకి ఇవ్వడానికి ఒక ఫోన్ నంబరు.

మిరపకాయబజ్జీ | మే 26, ఉదయం 7:20

తమ్ముడూ, నా నంబరు ఇస్తా. నిజంగానే. వరంగల్‌లో ఉంటా. మీ ఆశ్రమం నుంచి ఈసారి బయటికి వచ్చేవాళ్లలో గది కావాల్సినవాళ్లు ఉంటే నా పేరు చెప్పమను. ప్రైవేట్ మెసేజ్‌లో పెడుతున్నా, మోడరేటర్ గారు తిట్టకుండా.

పెరటితోట | మే 26, ఉదయం 9:10

హాస్టల్‌గేటు తమ్ముడూ, మా పాప పుట్టినరోజు కూడా జూన్ 1 అనే ఉంది. ఇప్పుడు మార్పించే పనిలో పడ్డాను, ఏ తేదీ కావాలో తననే అడిగాను. బాగా ఆలోచించి టైలర్ దగ్గరికి వెళ్లిన రోజు కావాలంది. కాగితాల్లో అలా కుదరదని తెలుసు. ఇంట్లో మాత్రం ఆ రోజే చేస్తాం.

చుక్కలముగ్గు | జూన్ 4, రాత్రి 8:55

అందరికీ థాంక్స్. ఇంట్లో పెద్ద గొడవే జరిగింది, అందుకే ఆలస్యం.

కలెక్టరాఫీసు ప్రాంగణంలో ఆ బాలల పరిరక్షణ విభాగం గది వెతుక్కుని వెళ్లాం. మొదటిరోజు అక్కడి అధికారి మేడం ఫీల్డుకి వెళ్లారు. రెండోరోజు వీడియో కాన్ఫరెన్స్. మూడోరోజు దొరికారు. "మేమే ఒక బిడ్డ ఖర్చు భరిస్తాం" అంటే ఆవిడ పెన్ను కింద పెట్టి మళ్లీ చెప్పమన్నారు. ఎవరూ అలా అడగరట, సీల్ చేసిన దుప్పట్లు తెస్తారట.

ఇక లెక్క. నెలకి నాలుగు వేలు అంటే మా లక్షా ఇరవై వేలు ఒక బిడ్డకి 30 నెలలు వస్తుంది. అన్నయ్యేమో ఇద్దరికి 15 నెలలు ఇద్దాం, ఇద్దరికి మేలు జరుగుతుంది అంటాడు. చెల్లి పదిమందికి మూడేసి నెలలు అంటుంది. పైగా అన్నయ్యకి ఎక్కడో ఒకచోట అమ్మ పేరుతో బోర్డు కావాలి, కనీసం బిడ్డ వచ్చి సంవత్సరీకం రోజు మా ఇంట్లో భోంచేయాలి. గోదారిగట్టు గారూ, మీరేమంటారు?

గోదారిగట్టు | జూన్ 5, ఉదయం 5:50

ఒకరికి ముప్పై నెలలు. పదిహేనో నెలలో డబ్బు ఆగిపోతే బిడ్డ మళ్లీ హాస్టల్ గేటు ముందు ఉంటుంది. ఈసారి ఇంకాస్త అర్థమయ్యే వయసుతో. మూడు నెలల సాయం మాట ఎత్తనే వద్దు. ముప్పై నెలల్లో ఆ తల్లి కుట్టుమిషనో, ఇంకో పనో చూసుకుని నిలదొక్కుకునే వీలుంటుంది.

మీ అన్నయ్యకి చెప్పు, బిడ్డను భోజనానికి పిలవొద్దని. ఎవరి డబ్బుతో బతుకుతున్నానో ఆ ఇంటి గుమ్మంలో నిలబడాలంటే పెద్దవాళ్లకే కాళ్లు తడబడతాయి.

పెరటితోట | జూన్ 5, ఉదయం 8:25

బోర్డు సరదా తీరాలంటే మీ పక్క వీధి టీచరు గారి బడికి అమ్మగారి పేరుతో ఓ పుస్తకాల బీరువా ఇవ్వండి. పాప మిగతా పిల్లల్లాగే వెళ్లి తెచ్చుకుంటుంది, తనకోసం ఇచ్చారని ఎవరికీ తెలియక్కర్లేదు. ఆవిడకి కవరు కూడా వద్దు. బడి లేని రోజుల్లో ఒక పూట పాపను మీ ఇంట్లో ఆడుకోనివ్వగలరా అని అడిగి చూడండి. కాదంటే బాధపడకండి, వాళ్ల అధికారి అనుమతి కావాల్సి ఉండొచ్చు.

ఆడిటరుబాబు | జూన్ 5, ఉదయం 10:40

లక్షా ఇరవై వేలు ఒకేసారి ఇవ్వాలా, నెలనెలానా అని మేడంని అడిగి రాతలో తీసుకోండి. మీ ముగ్గురిలో ఎవరికైనా మధ్యలో ఉద్యోగం పోయినా బిడ్డకి ఆగకూడదు కాబట్టి, నేనైతే మొత్తం ఒక ఖాతాలో వేసి అక్కడ్నుంచి ప్రతి నెలా పోయేట్టు బ్యాంకులో చెప్పేస్తాను.

చుక్కలముగ్గు | జూన్ 16, సాయంత్రం 6:30

ఒకరికే, 30 నెలలు. అన్నయ్య ఒప్పుకున్నాడు. బీరువా ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు, చెల్లి పుస్తకాలు కొంటుందట. హాస్టల్‌గేటు తమ్ముడు చెప్పినట్టు ఆశ్రమంలో కూడా అడిగాం. ఈ ఏడాది పద్దెనిమిది నిండేవాళ్లు నలుగురు. వార్డెన్ గారికి ఆ లెక్క చెప్పడానికి రిజిస్టరు తీయాల్సి వచ్చింది. వాళ్లలో ఒకమ్మాయికి నర్సింగ్‌లో సీటు వచ్చింది, హాస్టల్ డిపాజిట్ కోసం ఆగిపోయింది. మా వదిన తన చిట్టీ పాడింది.

మేం ఎవరికి ఇస్తున్నామో మాకు చెప్పలేదు. "పల్లెటూరు, తండ్రి లేడు, ఏడో తరగతి, లెక్కలు బాగా చేస్తుంది" అంతే చెప్పారు. అది చాలు.

మేడం దరఖాస్తు తెల్లకాగితం మీదే రాసివ్వమన్నారు. పేరు, చిరునామా, ఎంత, ఎన్నాళ్లు, అంతా రాశాను. చివర్లో "ఏ సందర్భంగా" అని ఒక లైను రాయమన్నారు. అమ్మ పేరు రాయాలంటే చెయ్యి ఆడక ఖాళీగా వదిలేసి వచ్చాను. రేపు ఇవ్వాలి. అది తప్పనిసరా అండీ?

గోదారిగట్టు | జూన్ 16, రాత్రి 7:05

కాదమ్మా. ఖాళీగానే ఇచ్చెయ్. ఆధార్ జిరాక్సు మాత్రం రెండు కాపీలు పట్టుకెళ్లు, ఒకటి తప్పకుండా పోగొడతారు.